మోకాలి పట్టీ లెక్క

కాస్త దగ్గరికి జరగండి. గట్టిగా చెబితే పక్కింటి గుమాస్తాకు వినబడుతుంది.

అతని మోకాలు పట్టేసింది. "ఆరు వారాలు వ్యాయామం చెయ్, లేదంటే కోతే" అన్నాడు డాక్టరు. గోరు తీయించుకోవాలన్నా కళ్లు మూసుకునే మనిషి! హడలిపోయి, ఫోన్‌లో వ్యాయామం నేర్పే డాక్టరమ్మ దగ్గర చేరాడు. ఆవిడ ఒక పట్టీ పంపింది. దాన్ని కట్టుకుని మోకాలు ఎన్నిసార్లు ఆడిస్తే ఆ లెక్క ఆవిడకు చేరుతుంది.

దర్జీ పని చేసే భార్య, "మీరు తలుపేసుకుని చేసుకోండి. మీ వంతు నీళ్లు పట్టడం, గిన్నెలు తోమడం నేను చూసుకుంటాలెండి" అంది. మొదటిరోజు రెండుసార్లు వంగి అబ్బా అన్నాడు. రెండోరోజు పట్టీని ఆమె కుట్టుమిషన్ తొక్కే పలక అడుగున కట్టి, హాయిగా పడుకున్నాడు.

అవి బడి యూనిఫారాలు కుట్టే రోజులు. వారానికి లెక్క నాలుగు వేలు దాటింది. శనివారం పొద్దున్నే డాక్టరమ్మ ఫోన్.

"అంకుల్, మీలా ఎవరూ చేయలేదు! పది గంటలకు నా దగ్గర నేర్చుకునే మిగతా ముప్పైమందికీ వీడియోలో మీరే చేసి చూపించాలి."

పట్టీ తీద్దామంటే ముందు గదిలో భార్య మిషన్ దగ్గర్నుంచి లేవలేదు. పది కొట్టింది.

"పట్టీ ఏదంకుల్?"

"పైజమా లోపల ఉందమ్మా" అంటూ వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ముందు గదిలో మిషన్ టకటకలాడింది. ఫోన్ తెర మీద లెక్క పరుగెత్తింది.

"మీరు కదలట్లేదు, లెక్క పెరుగుతోందేంటి?"

"లోపల... నరాలు కదులుతున్నాయమ్మా."

ముప్పైమందీ ఘొల్లున నవ్వారు. "ఆపవే!" అని అరిచాడు. మిషన్ ఆగింది, లెక్కా ఆగింది. "దేన్నండీ?" అంటూ ఆమె మళ్లీ తొక్కింది. లెక్క లేచింది.

డాక్టరమ్మకు అర్థమైపోయింది. "ఆంటీ, ఒక్కసారి మిషన్ కింద చూడండి" అని గట్టిగా చెప్పింది.

ఆమె పట్టీ పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. అరవలేదు. "మీకు నయమవుతోందని సంబరపడి, మీ పనులన్నీ నేనే చేశానండీ" అంది మెల్లగా. ఆ మాటకు గుమాస్తా తల నేలకు దిగిపోయింది. మోకాలికంటే అదే ఎక్కువ వంగింది.

"కూర్చుని తొక్కడం కూడా మంచి వ్యాయామమే" అంది డాక్టరమ్మ. "రేపట్నుంచి మిషన్ అంకుల్ తొక్కుతారు. పట్టీ మాత్రం ఆయన కాలికే!"

ఇప్పుడు మోకాలు బాగుంది, కోత తప్పింది. గిన్నెలు కూడా అతనే తోముతున్నాడు. ఈ కథ గుర్తుపెట్టుకుని, సాకులు చెప్పేవాళ్లు కనబడితే చెప్పండి. అతని ఎదుట మాత్రం వద్దు. నేను కుట్టడానికిచ్చిన దిండు గలీబులు ఇంకా అతని మిషన్ మీదే ఉన్నాయి.