మూడో భాగం మొక్కు

గురువారం పొద్దున యోగానంద వేసుకున్న పథకం చాలా చిన్నది. మొదటి బస్సులో కొండెక్కాలి. తలనీలాలు ఇచ్చుకోవాలి. దర్శనం దొరికితే సరే, లేకపోతే మహాద్వారం ముందు నిలబడి దండం పెట్టుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయాలి. ఎవరైనా ఏం మొక్కని అడిగితే "పాత మొక్కులే" అనాలి. తిరుపతిలో గుండును చూసి ఆశ్చర్యపోయే మనిషంటూ ఉండడు కాబట్టి ఇందులో ఇబ్బందేమీ లేదని ఆయన గట్టిగా నమ్మాడు.

ఇబ్బందంతా మొక్కులోనే ఉంది. టౌన్లో నీళ్ళ మోటార్లూ పైపులూ అమ్మే అంగడి ఆయనది. యాభై దాటిన మనిషి, నిండైన మీసం. అంతటివాడు మొక్కుకున్నది ఆరోగ్యం కోసం కాదు, వ్యాపారం కోసం కాదు. కాలేజీ పిల్లలు చదువుకునే ఒక రాజకొడుకు కథకు మూడో భాగం రావాలని!

చెన్నైలో చదువుకునే కూతురు ధరణి పోయిన ఏడు సెలవులకొచ్చి ఆ కథ మొదటి భాగాన్ని మంచం మీద పడేసి వెళ్ళింది. ఎవరో కుర్ర రచయిత్రి, పాత కథను తీసుకుని ఈ కాలం పిల్లల కోసం కొత్తగా రాసిందట. అంగట్లో బేరాల్లేని పూట కాలక్షేపానికి తెరిచిన యోగానందకు రెండో పేజీలోనే గుండె ఝల్లుమంది. గుమ్మడికాయలో పుట్టిన రాజకొడుకు! కుండలు చేసే పిల్ల! ఏడు తలుపుల కోట! ఇది తనకు తెలిసిన కథే. చిన్నప్పుడు సత్యవేడు పక్కన పల్లెలో ఉండగా వాళ్ళ నాయన మునికృష్ణ చెప్పిన కథే.

అప్పట్లో నాయన తెల్లవారుజామునే బండి కట్టి బెల్లం తోలుకుని సంతకు బయల్దేరేవాడు. పక్కన గోనెసంచి కప్పుకుని యోగి. కొత్త బెల్లం వాసన, ఎద్దుల మెడల్లో గంటలు, వాటి మీదుగా నాయన గొంతు. "ఊఁ కొట్టరా. నువ్వు ఊఁ కొట్టకుంటే కత ముందుకు పోదు" అనేవాడు. యోగి మాటమాటకూ ఊఁ కొట్టేవాడు. రాజకొడుకు ఆరు తలుపులు తీసి, ఏడో తలుపు గడియ మీద చెయ్యి పెట్టగానే రాయైపోయేవాడు. సరిగ్గా అక్కడికి యోగికి నిద్ర ముంచుకొచ్చేది. కళ్ళు తెరిస్తే సంత. ఎన్ని సంతలకు పోయినా ఇదే వరస. రాజకొడుకు మళ్ళీ మనిషయ్యాడో లేదో యోగానందకు ఇప్పటికీ తెలియదు. 

నాయన్నే అడగొచ్చు కదా అంటారేమో. అడగడం అంత సులభమైతే ఇంత గొడవే లేదు. మునికృష్ణకు ఎనభై దాటాయి. మనిషీ చెక్కు చెదరలేదు, కోపమూ చెదరలేదు. కొడుకు దగ్గరే ఉంటాడు. కానీ కొడుక్కి మీసం మొలిచిన నాటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు పొదుపు. "తింటివా?" "తింటి నాయనా." "మోటరు ఆపినావా?" "ఆపినా నాయనా." అంతే. ఇంత మీసం పెట్టుకుని తండ్రి ముందు నిలబడి, "నాయనా, రాజకొడుకు ఏమైనాడు?" అని ఎలా అడిగేది?

అందుకని పుస్తకాన్నే నమ్ముకున్నాడు. రెండో భాగాన్ని కౌంటరు కింద దాచుకుని చదివాడు. ఫోనులో అభిమానుల గుంపొకటి ఉంటే అందులో 'కుమ్మరిపిల్ల వీరాభిమాని' అనే పేరుతో చేరి, ఆ పిల్లకు రాజకొడుకు తగడన్న కుర్రాళ్ళతో హోరాహోరీ పోట్లాడాడు. తీరా చూస్తే రెండో భాగం కూడా ఏడో తలుపు దగ్గరే, రాజకొడుకు రాయైన చోటే ఆగింది! ఆపైన రచయిత్రి, "ఇక రాయలేనేమో, నన్ను అడగొద్దు" అని ప్రకటించింది. ఆ రోజు యోగానందకు అన్నం సహించలేదు. మేడెక్కి, కొండ వైపు తిరిగి, "సామీ, మూడో భాగం వచ్చేట్టు చెయ్యి, తలనీలాలు ఇచ్చుకుంటా" అన్నాడు. స్వామి ఎందరి మొరలు పక్కన పెట్టాడో గానీ ఇది మాత్రం వెంటనే విన్నాడు. వచ్చే నెలలోనే మూడో భాగమని వారం తిరక్కముందే కబురొచ్చింది.

కల్యాణకట్టలో అంతా సవ్యంగానే మొదలైంది. తల తడుపుకుని, వంచుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే, ఈ పిచ్చి తెలిసిన ఒకే ఒక్క మనిషి ధరణి, రచయిత్రి ముందుగా బయటపెట్టిన మూడో భాగం మొదటి పేజీని ఫోనుకు పంపింది. ఇక ఆగగలడా? తల వంచినవాడు వంచినట్టే ఫోను ఒళ్ళో పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. వాక్యం పూర్తయినప్పుడల్లా పాత అలవాటు కొద్దీ నోట్లోంచి "ఊఁ" వస్తోంది.

"గడ్డం గూడానా సామీ?" అన్నాడు క్షురకుడు.

"ఊఁ."

"మీసం గూడానా?"

"ఊఁ."

క్షురకుడు పద్ధతి తెలిసినవాడు. కత్తి ఆపి, గొంతు తగ్గించి, "నాయన లేడా సామీ?" అని కూడా అడిగాడు.

"ఊఁ" అన్నాడు యోగానంద, రాజకొడుకు చేతి వేళ్ళు కదిలాయో లేదో తెలుసుకునే తొందరలో.

పేజీ పూర్తయ్యాక మూతి తడుముకుంటే చెయ్యి జారింది. ఆయన గుండెలు కూడా జారాయి. తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదు. ఎంత మొక్కైనా సరే, తల నున్నగా గీయించుకున్నా మీసం ఉంచుకుంటారు. వాళ్ళ వైపు అది గట్టి పట్టింపు. మీసం లేని మూతిని చూస్తే చాలు, ఇంట్లో పెద్దాయన పోయాడని ఊరు ఊరంతా అర్థం చేసుకుంటుంది.

కొండ దిగుతూనే మాస్కు కొని తగిలించుకున్నాడు. ఇంట్లో అడుగు పెట్టగానే మునికృష్ణ పేపరు మీంచి చూశాడు.

"ఏందిరా మూతికి గుడ్డ?"

"జలుబు నాయనా."

"గుండు కొట్టించుకుంటే జలుబు చేయకుండా ఉంటాదా" అని పేపరు తిరగేశాడు. మాటల పొదుపు కలిసొచ్చింది ఆ ఒక్క పూటే.

భార్య ప్రసన్నకుమారి దగ్గర మాత్రం మాస్కు ఎత్తు పారలేదు. వంటింట్లో మంచినీళ్ళు తాగుతుంటే చూసేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏమయ్యా! మామ రాయి మాదిరి ఉండంగా ఇదేం పని? సూసినాడంటే ఈ ఇంట్లో మెతుకు ముట్టడు!"

"మొలిచేదాకా మాస్కులోనే ఉంటా. నువ్వు నోరెత్తద్దు తల్లీ."

"ఇంతకీ ఏం మొక్కు?"

"పాత మొక్కులే."

శుక్రవారం పొద్దున అంగట్లో ఎవరూ లేరు కదా అని యోగానంద మాస్కు కిందికి లాగి, రెండో భాగం చివరి పేజీలు మళ్ళీ తెరిచాడు. రాయైన రాజకొడుకు పాదాల దగ్గర కుమ్మరి పిల్ల కుండ పగలగొట్టి ఏడ్చే చోటు అది. చదివిన ప్రతిసారీ ఆయనకు కళ్ళు నిండుతాయి. అలా నిండి ఉన్నప్పుడే, సత్యవేడు రైతు ఎల్లప్ప పైపుల కోసం లోపలికొచ్చాడు. చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. గుండు చూశాడు. మూతి చూశాడు. కళ్ళు చూశాడు. ఆయన మొహం వాడిపోయింది.

"ఎప్పుడప్పా?" అన్నాడు మెల్లగా.

"నిన్న పొద్దున" అన్నాడు యోగానంద, గుండు తడుముకుంటూ.

ఎల్లప్ప ఆయన చెయ్యి పట్టుకుని నిమిరాడు. పైపుల ఊసెత్తలేదు. పోయేటప్పుడు "వస్తా" అని కూడా అనలేదు. చావింటి మనిషితో ఆ మాట అనరు మరి. ఎల్లప్పకు ఏదో అయిందనుకుని, పాపం, యోగానంద ఆయన మీద జాలిపడ్డాడు.

కాసేపటికి ఫోను మోగింది. సత్యవేడులో ఉండే అక్క చంద్రకాంతమ్మ. ఆమె ఎప్పుడూ వీడియో కాలే చేస్తుంది. మీసం లేని మూతి అక్క కంట పడితే ఇంకేమైనా ఉందా! కట్ చేశాడు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాడు. అక్క ప్రసన్నకుమారికి చేద్దామంటే ఆమె తిరుచానూరు అమ్మవారి గుడికి పోయి ఫోను బయట అప్పజెప్పింది. మునికృష్ణకు ఫోనే లేదు. తమ్ముడు మాట్లాడలేకపోతున్నాడని అక్కకు అర్థమైపోయింది.

సాయంత్రం యోగానంద ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. నాయన వీధి చివర టీ అంగడికి పోయాడు. ఇంటి ముందు వ్యాను ఆగింది. చంద్రకాంతమ్మ, ఆమె వెనక ఎల్లప్ప, వాళ్ళ వెనక సత్యవేడు బంధువులంతా దిగారు. మాస్కు తగిలించుకునే లోపే అక్క చేతిలో చామంతి దండతో వచ్చి మీద పడింది.

"పోతివా నాయనా! నాతో ఒక మాటైనా చెప్పకుండా పోతివా!"

యోగానంద అక్క భుజాలు పట్టుకున్నాడు. "నాయనకు ఏమైందక్కా? నీకెవురు చెప్పినారు?"

"ఎల్లప్ప చెప్పినాడురా! నువ్వు చెప్పలేదు గదరా!"

ఎల్లప్ప తల వంచుకుని నిలబడ్డాడు. ఇక అనుమానమేముంది? నాయన టీ అంగడి దగ్గరే పడిపోయి ఉంటాడు. ఎల్లప్ప చూసి ఉంటాడు. సత్యవేడు నుంచి వ్యాను ఇంతలోనే ఎలా వచ్చిందని లెక్కేసుకునే స్థితిలో ఆయన లేడు. బతికున్న తండ్రికి మీసం తీసిన కొడుకు తాను! "నేనే సంపినానక్కా! నా సేతులారా నేనే సంపినా!" అని యోగానంద గోడకు తల కొట్టుకున్నాడు. ఆ మాటకు బంధువుల ఏడుపులు రెట్టింపయ్యాయి.

టీ తాగి వస్తున్న మునికృష్ణకు ఇంటి ముందు వ్యాను, గుమ్మంలో చెప్పుల గుట్ట, లోపల ఏడుపులు. వ్యాను డ్రైవరు కొత్తవాడు, బీడీ వెలిగించుకుంటున్నాడు.

"ఏమప్పా, ఏమైంది ఈడ?"

"ఈ ఇంట్లో మగమనిషి పోయినాడంట పెద్దాయనా."

ఆ ఇంట్లో మగవాళ్ళు ఇద్దరే. తాను వీధిలో నిలబడి ఉన్నాడు. మునికృష్ణ చేతికర్ర జారిపోయింది. నిన్నటి నుంచి మూతికి గుడ్డ కట్టుకుని, తన వైపు తిరక్కుండా తిరుగుతున్న కొడుకు గుర్తొచ్చాడు. జలుబంటే జలుబే అనుకున్నాడు. ఒంట్లో ఎట్లుండాదిరా అని దగ్గరికి పిలిచి ఒక్క మాట అడగలేదు. 

"ఒరే యోగీ! నన్ను ఈడ పెట్టి నువ్వెట్ల పోతివిరా నా తండ్రీ!" అని గుండెలు బాదుకుంటూ లోపలికి పరిగెత్తాడు.

దారిచ్చిన బంధువులు దారిచ్చిన చోటే కొయ్యబారిపోయారు. ఒకావిడ "గోవిందా!" అని కూలబడింది. యోగానంద తలెత్తి చూశాడు. తండ్రికి కొడుకు కనిపించాడు, కొడుక్కి తండ్రి కనిపించాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని తడుముకున్నారు. "ఉండావా నాయనా?" "నువ్వుండావారా?" బెల్లం బండి రోజుల తర్వాత నాయన తనను దగ్గరికి తీసుకోవడం ఇదే. యోగానంద చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మునికృష్ణ కొడుకు తల నిమిరాడు, చెంపలు నిమిరాడు. చెయ్యి మూతి దగ్గరికొచ్చి ఆగింది.

"మీసం యాడరా?"

చంద్రకాంతమ్మకు దుఃఖం పోయి కోపం పట్టుకుంది. "అడుగు నాయనా! నువ్వు బతికుండంగా వాడు మీసం తీసినాడు! దాన్ని సూసే గదా ఎల్లప్ప నువ్వు పోయినావనుకున్నాడు!"

"నీ చేతిలో దండ ఎవురికి?"

"నీకే నాయనా."

"మంచి పూలు. దేవుడి పటానికెయ్యి" అని మునికృష్ణ కొడుకు వైపు తిరిగాడు. "ఏం మొక్కుకున్నావురా? నా మీద ఆనబెట్టి నిజం చెప్పు."

పాత మొక్కులే అనడానికి ఇక వీల్లేదు. యోగానంద నేల చూపులు చూస్తూ అంతా చెప్పేశాడు. పుస్తకం, మూడో భాగం, క్షురకుడికి కొట్టిన ఊఁ, అన్నీ. విన్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "కతల పుస్తకానికా?" అంది చంద్రకాంతమ్మ నీరసంగా.

మునికృష్ణ మాత్రం కేకలెయ్యలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏం కతరా అది?"

"గుమ్మడికాయ రాజకొడుకు నాయనా. బండిలో నువ్వు చెప్తా ఉంటివే, అది. నాకెప్పుడూ ఏడో తలుపు కాడ నిద్రొచ్చేది. తర్వాత ఏమైందో తెలీక ఇన్నేండ్లు..."

ముసలాయన మొహంలో కోపం ఎటుపోయిందో తెలియదు. "ఇంకా గుర్తుండాదా నీకు?" అని గొంతు సవరించుకున్నాడు. "అనగనగా ఒక రాజు. ఊఁ కొట్టు."

"ఊఁ" అన్నాడు యోగానంద.

ఏడవడానికి వచ్చిన బంధువులు కథ వినడానికి చుట్టూ చేరి కూర్చున్నారు. తిరుచానూరు నుంచి వచ్చిన ప్రసన్నకుమారి, గుమ్మంలో చెప్పులనూ లోపల జనాన్నీ చూసి, ప్రసాదం పక్కన పెట్టి తానూ కూర్చుంది. అదే గొంతు. కొంచెం వణుకుతోంది, అంతే. ఎద్దుల గంటలొక్కటే తక్కువ. రాజకొడుకు ఆరు తలుపులూ తీశాడు. ఏడో తలుపు గడియ మీద చెయ్యి పెట్టాడు. రాయైపోయాడు.

"ఊఁ" అన్నాడు యోగానంద. ఈసారి ఆయనకు నిద్ర రాలేదు. "ఊఁ నాయనా. తర్వాత?"

మునికృష్ణ మీసం దువ్వుకున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"తర్వాత నాకూ తెలీదురా."

"నాయనా!"

"మా అమ్మ చెప్తా ఉండేది. ఆడికొచ్చేసరికి నాకూ నిద్ర పట్టేసేది. నువ్వు ఊఁ కొట్టేది ఆపినప్పుడల్లా బతికిపోతిరా సామీ అనుకుంటా ఎద్దుల్ని అదిలించేవాణ్ణి." ఆగి, గొంతు తగ్గించాడు. "ఆ పుస్తకం ఎప్పుడొస్తాదంటివి?"

తర్వాతి నెలలో పుస్తకం వచ్చింది. సత్యవేడు వ్యాను మళ్ళీ వచ్చింది, ఈసారి దండ లేకుండా. యోగానంద పైకి చదివాడు, మునికృష్ణ ఊఁ కొట్టాడు. ఒక్క ఊఁ కూడా తప్పిపోలేదు. చివరి పేజీలో, కుమ్మరి పిల్ల చెయ్యి వేయగానే రాతి రాజకొడుకు కంట్లోంచి నీటి బొట్టొకటి జారింది. అక్కడితో పుస్తకం అయిపోయింది. కింద, నాలుగో భాగం రాస్తానో లేదో చెప్పలేనని రచయిత్రి రెండు ముక్కలు రాసింది.

అందరూ మునికృష్ణ వైపు చూశారు. యోగానంద గుండు మీద వెంట్రుక ఇంకా దువ్వెనకు అందడం లేదు, మూతి మీద మీసం ఇంకా మెలేసేంత పెరగలేదు. నాలుగో భాగానికి మొక్కుకోవడానికి ఆ ఇంట్లో పనికొచ్చేది ఇక మునికృష్ణ మీసం ఒక్కటే.