ఎలివేషన్ కోసం తెచ్చిన బండలు

మా ఆవిడ ఏదైనా కావాలంటే ముందు వద్దనడం నా అలవాటు. ఎందుకు వద్దో తర్వాత తీరిగ్గా ఆలోచించుకుంటాను. అలాంటిది ఆ రోజు నేను "సరే" అనేసరికి ఆవిడ కుట్టుమిషన్ ఆపి, లేచి వచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"జ్వరం లేదే!" అంది.

"ఇంటి ముందు గోడకి రాయి వేయిద్దామన్నావుగా. వేయిద్దామంటున్నాను. మధ్యలో జ్వరం ఎందుకు?"

"మీరు దేనికైనా సరే అన్నది మన పెళ్లికే. అదీ మీ నాన్న వెనక నుంచి గిల్లితే."

మా బావమరిది తన ఇంటి ముఖానికి ఏదో ఖరీదైన రాయి అంటించాడు. అప్పటి నుంచి మా ఆవిడకి ఎలివేషన్ జబ్బు పట్టింది. మా గోడ సిమెంటు రంగులో, నా ముఖంలాగే, చూసినవాళ్లకి ఏ ఆశా కలిగించకుండా ఉంటుంది. నాకేం ఇబ్బంది లేదు. నేను ఆ గోడని చూసేది తాళం తీసేటప్పుడే.

నా బెంగంతా పెరడు గురించి.

నేను లేత్ మిషన్ మీద పనిచేస్తాను. చదువు మానేసిన ఏడాదే దాని ముందు నిలబెట్టారు, ఇంతవరకూ కూర్చోమన్నవాడు లేడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇనుము అరుస్తుంటే వినడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక చెప్పులు విప్పి, చల్లటి రాతి మీద పాదాలు ఆనించి, ఏ చప్పుడూ లేనిచోట కాసేపు కూర్చోవాలి. ఇదొక్కటే నా కోరిక. పెరట్లోనేమో వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము. అక్కడ బండలు పరిపించుకుంటే ఆ కాస్త సుఖం దొరుకుతుంది.

మరి ఆ మాటే ఇంట్లో చెప్పొచ్చుగా అంటారు. మీకు పెళ్లయి ఎన్నాళ్లయింది? "నా కోసం" అని మొదలుపెట్టిన పని ఏదీ మా ఇంట్లో ముగింపు దాకా రాలేదు. పైగా రాయి ఒకచోటికే వేయించగలం. ముందు గోడకైనా, వెనక పెరటికైనా.

దారి చూపించినవాడు మా మేస్త్రీ. ఏమడిగినా "చూద్దాం" అంటాడు కనక అతన్ని చూద్దాం మేస్త్రీ అంటాను. టీ కొట్టు దగ్గర మాటల్లో అన్నాడు: "గోడకి పలచటి రాయే నిలబడుద్దన్నా. మందపు బండ అంటిస్తే బరువుకి జారి కిందికొచ్చేస్తది. అది నేలకే."

నా బుర్రలో దీపం వెలిగింది. గోడకని చెప్పి మందపు బండలు ఎంపిక చేయిస్తాను. అవి గోడకి నిలబడవు. వాపసు తీసుకోరు. ఇక వెళ్లడానికి పెరడు తప్ప చోటేముంది? జీవితమంతా ఇనుముని నాకు కావలసిన వంపు తిప్పినవాణ్ణి, ఒక ఇల్లాలిని తిప్పలేనా అనుకున్నాను. నవ్వకండి.

ఆదివారం ఇద్దరం రాళ్ల అడితికి వెళ్లాం. దాని యజమాని అమ్మేది బండరాళ్లే గాని, మాట మాత్రం వెన్నపూస. మనసులో అతనికి మెత్తనయ్య అని పేరు పెట్టుకున్నాను.

మెత్తనయ్య ఒక పలక మీద చెంబెడు నీళ్లు పోశాడు. రాయి నిగనిగలాడింది.

"చూశారామ్మా, రంగు!"

"ఆరాక చూస్తాను," అంది మా ఆవిడ.

"అమ్మా?"

"మా ఇంటి మీద రోజూ మీరొచ్చి నీళ్లు పోయరుగా."

అది ఆరేదాకా ఎండలో నిలబడ్డాం. ఆరిన రాయి చూస్తే బూడిద పూసుకున్నట్టుంది. మెత్తనయ్య చెంబు పక్కన పెట్టేశాడు.

తర్వాత నల్ల గ్రానైటు. "చెప్పులు విప్పి దీని మీద నిలబడండి," అంది నాతో.

"గోడకి వేసే రాయి మీద నేనెందుకు నిలబడాలి?"

"వేడి ఎంత పట్టుకుంటుందో తెలియొద్దూ? గోడ వేడెక్కితే లోపల ఉడికేది నేనేగా."

నిలబడ్డాను. నిలబడ్డానని చెప్పుకోవడమే గాని, పాదాలు రెండూ ఒకేసారి ఆ రాయి మీద ఆనలేదు. అడితిలో కూలీలు పని మాని నా నాట్యం చూశారు.

"ఇది వద్దులెండి," అంది దయగా.

అప్పుడు నేను తేనె రంగు ఇసుకరాయి బండల వైపు నడిపించాను. గరుకుగా, వెడల్పుగా, అరచేతి వెడల్పంత మందంగా ఉన్నాయి. పాదం ఆనిస్తే ఎండలోనూ ఓర్చుకోగలిగేంత వేడే ఉంది. నా మనసు దానికే ఇచ్చేశాను. పైకి మాత్రం మామూలుగా, "ఇది గోడకి దిట్టంగా ఉంటుందేమో," అన్నాను.

"మరీ మందం కదండీ?"

"మందమంటే మర్యాద. మీ తమ్ముడు వేయించింది రేకులా ఉంది. తట్టి చూడు, డబ్బాలా మోగుతుంది."

ఆవిడ ఒక బండని నేల మీద పరిపించి, దాని మీద నిలబడి మడమతో గట్టిగా తొక్కి చూసింది. ముందుకీ వెనక్కీ ఊగింది. కదల్లేదు. గోడ రాయిని ఇలా తొక్కడమేమిటని నాకు అనుమానం రావాలి. రాలేదు. అంత సంబరంలో ఉన్నాను.

"మీరింతగా చెబుతున్నారు కదా, ఇదే తీసుకుందాం," అంది. మెత్తనయ్య ఆవిడ వైపు చూసి నవ్వాడు. బేరం కుదిరిన నవ్వనుకున్నాను.

లారీ వచ్చింది. బండలన్నీ గేటు ముందు దింపారు. చూద్దాం మేస్త్రీ వాటిని చూసి తల గోక్కున్నాడు.

"ఇవి గోడకి నిలవవమ్మా."

నేను రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాను. ముందు రోజు అద్దం ముందు చేసి చూసుకున్నదే. "అయ్యో! ఎంత పనైంది! పోనీ ఒక్కటైనా పెట్టి చూడు మేస్త్రీ. ఆవిడ ఎంత ఆశపడింది!"

"చూద్దాం," అన్నాడు.

అక్కడితో ఊరుకోవాల్సింది. బండ గోడకి ఆనిన క్షణం ఒద్దికగానే ఉంది. తర్వాత మెల్లగా జారి, దారిలో కుళాయిని విరగ్గొట్టి, నేల మీద వెల్లకిలా పడుకుంది. విరిగిన కుళాయి లోంచి నీళ్లు మేడ ఎత్తున లేచాయి. దాన్ని అరచేత్తో మూద్దామని వెళ్లాను. నీళ్లు నా చొక్కాలోకి దూరి లాగు లోంచి బయటికొచ్చాయి. వీధంతా బయటికొచ్చింది.

"మంచి ఎలివేషన్ అండీ," అన్నాడు ఎదురింటాయన.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి నిట్టూర్చింది. "పోనీలెండి. నా రాత. పెరట్లో పరిపించేయండి."

తడిసి ముద్దయి ఉన్నా నాకు లోపల పండగే. కాకపోతే పెరటికి పక్క సందు లేదన్న సంగతి పథకం వేసేటప్పుడు గుర్తు రాలేదు. బండలన్నీ ముందు గది లోంచి, వంటగది లోంచి మోయాలి. మేస్త్రీ ఒక కొస, నేను ఒక కొస. "గచ్చు జాగ్రత్త," "తలుపు జాగ్రత్త," "గిన్నెలు జాగ్రత్త" అంటూ మా ఆవిడ వెనకే వచ్చింది. నా నడుము జాగ్రత్త అని మాత్రం ఒక్కసారీ అనలేదు.

పని పూర్తయ్యాక ఒక సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పాదాల కింద చల్లటి రాయి. చప్పుడు లేదు. నా బతుకులో మొదటిసారి ఒకరు నన్ను కూర్చోమన్నట్టు అనిపించింది.

మర్నాడు పని నుంచి వచ్చేసరికి గుమ్మంలో వరసగా ఆడవాళ్ల చెప్పులు. పెరట్లో నా కుర్చీ కనబడలేదు. నా బండల మీద కుట్టుమిషన్లు కొలువుదీరి ఉన్నాయి. ఎవరింటి మిషన్ వాళ్లు తెచ్చుకుని, ఒక్కో దాని ముందు ఒక్కో పిల్ల. అన్నీ ఒకేసారి తొక్కుతుంటే, ఆ మోత ముందు మా ఫ్యాక్టరీ సెలవు రోజులా అనిపించింది.

"ఏమిటిది?" అని అరిచాను. అరిస్తే గాని వినబడదు.

"కుట్టు నేర్పుతున్నానండీ!" ఆవిడా అరిచింది.

"ఇంట్లో మిషన్ల మోత వద్దని చెప్పానా లేదా?"

"ఇంట్లో వద్దన్నారు. ఇది పెరడు."

"మరి నీ ఎలివేషన్?"

"అది నాకెందుకండీ? రోజంతా లోపలుండేదాన్ని, నాకు బయటి గోడ కనబడుతుందా?"

"మరి అదే కావాలని నా ప్రాణం తీశావుగా?"

"పిల్లలకి కుట్టు నేర్పుకుంటాను, పెరట్లో బండలు వేయించండి అంటే వేయించేవారా?"

నేను బండ మీద పడిన దారం ఉండ తీసి ఆవిడకిచ్చాను.

"పలచటివైతే మిషన్ అదురుతుందట. మందపువే తీసుకోమని, అవి గోడకి ఎలాగూ నిలవవని ఆ అడితి ఆయన ముందే చెప్పాడు. నేనొకసారి వెళ్లి చూసొచ్చాను లెండి. మీరు వాటి దగ్గరికే తీసుకెళ్తారని మాత్రం అనుకోలేదు. నాకు సగం శ్రమ తగ్గించారు." ఆ మాట వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే కృతజ్ఞతగా అంది. అదే ఎక్కువ బాధ.

ఆవిడ చెంపలు ఎర్రగా ఉన్నాయి. ఒక పిల్ల కాలరు తిరగేసి కుడితే పకపకా నవ్వి విప్పదీసింది. ఆ నవ్వు నేను విని చాలా కాలమైంది. అందుకని ముందు మెట్టు మీదికి వెళ్లి కూర్చున్నాను.

ఇప్పుడు సాయంత్రాలు ముందు మెట్టు మీద కూర్చుంటున్నాను. వీపు వెనక సిమెంటు గోడ, ముందు రోడ్డు మీద హారన్లు. ఇందాకే మా ఆవిడ టీ తెచ్చిచ్చి, ఎన్నడూ లేనంత మెత్తగా అంది:

"ఈ ముందు గోడకి రాయి వేయించాలా, అక్కర్లేదా? నాకైతే ఏదైనా ఒకటేనండీ. అంతా మీ ఇష్టం."

అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. సరే అంటే ఏమవుతుందో తెలియడం లేదు. వద్దంటే ఏమవుతుందో అసలే తెలియడం లేదు. టీ చల్లారిపోయింది. ఆవిడ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.