ఎర్రదీపానికి ఆగిన నేరం

ముప్పై ఒక్క ఏళ్లు మచ్చ లేకుండా డ్రైవింగు నేర్పిన బ్రేకు మాస్టారు చివరికి నేరం చేశాడు. నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రదీపం పడితే బండి ఆపాడు.

ఇందులో నేరమేముందని అడిగేవాళ్లు ఆ కూడలి చూడనివాళ్లు. పచ్చదీపం పడితే అక్కడ జనం వెళ్తారు. పసుపుది పడితే తొందరగా వెళ్తారు. ఎర్రది పడితే ఇంకా తొందరగా వెళ్తారు, ఎందుకంటే అడ్డంగా వచ్చేవాళ్లకు అప్పుడే పచ్చదీపం పడి ఉంటుంది, వాళ్లకన్నా ముందు దాటాలి. ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి ఎవరికీ ఇబ్బంది లేకుండా సాగుతోంది. ఎముకల డాక్టరు కూడలి పక్కనే స్థలం కొని మూడంతస్తులు లేపాడు.

ప్రభుత్వం మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కూడలిలో కెమెరా పెట్టించింది. చాలా నాణ్యమైన కెమెరా. ఒక్కటే షరతు, ఫోటో తీసేటప్పుడు బండి కదలకూడదు. పెట్టిన తొమ్మిది నెలల్లో దానికి ఒక్క నేరస్థుడూ చిక్కలేదు. ఊళ్లో నేరాలు అంతరించాయని పైకి నివేదిక వెళ్లింది. పదో నెలలో, ఎన్నడూ ఆ దారి పట్టని బ్రేకు మాస్టారు అటు వచ్చి చిక్కాడు, కదలకుండా.

గీత దాటి ఆగినందుకు చలానా, దాంతో పాటు ఫోటో ఇంటికొచ్చాయి. పాత కారు, దాని నుదుటిమీద ఎల్ బోర్డు, స్టీరింగు మీద రెండు చేతులు, తెల్ల గీత దాటి జానెడు ముందుకొచ్చిన బంపరు. కారుకు అటూ ఇటూ పొగలాంటి చారలు. ఆ చారలు తక్కిన బండ్లు. చారలకు నంబరు కనపడదు కాబట్టి నేరం అంటదు.

మాస్టారికి డ్రైవింగు బడి ఉంది. ఒక గది, ఒక నల్లబల్ల, ఈ కారు. పక్కసీటు ముందు కూడా బ్రేకు ఉండే కారు అది. నేర్చుకునేవాడు గోడ ఎక్కించబోతే మాస్టారు తొక్కుతాడు. తొక్కీ తొక్కీ ఆయన కుడికాలికి సొంత బుద్ధి వచ్చింది. బస్సులో ఉన్నా, మంగలి కుర్చీలో ఉన్నా, ఎదుటివాడు జోరుగా మాట్లాడితే చాలు, అది నేలను నొక్కేస్తుంది. సంసారంలోనూ అంతేనని ఆయన భార్య అంటుంది. వివరాలు ఎవరూ అడగలేదు.

ఏడాది చివర బడి లైసెన్సు పునరుద్ధరించుకోవాలి. దరఖాస్తులో పదిహేడో ప్రశ్న: "ట్రాఫిక్ నేరమేదైనా ఎన్నడైనా అంగీకరించితిరా?" అంగీకరించినవాడికి బడి ఉండదు. చలానా కడితే అంగీకరించినట్టే. జరిమానా ఎంతో కాదు, రెండు కాఫీలు మానేస్తే సరిపోతుంది. పోయేది బడి. యాభై తొమ్మిదేళ్ల వయసులో బ్రేకు తొక్కడం తప్ప మరో విద్య రానివాడికి లోకంలో ఉద్యోగాలు తక్కువ.

వీధికి అవతల ఇంకో బడి ఉంది. దాని యజమానిని హారన్ మాస్టారంటారు. ఆయన పేర నలభై ఒక్క చలానాలున్నాయి, పోలీసులు చేత్తో రాసినవి. ఒక్కటీ కట్టలేదు. కట్టలేదు కనుక అంగీకరించలేదు. పదిహేడో ప్రశ్నకు "లేదు" అని ఆయన ప్రతిసారీ తడుముకోకుండా రాస్తాడు. చట్టం దృష్టిలో కడిగిన ముత్యం.

బ్రేకు మాస్టారి బావమరిది ఒక వకీలు దగ్గర గుమాస్తా. కబురు అందగానే వచ్చి వంటింటి గడపలో కుర్చీ వేసుకున్నాడు.

"బావా, మూడు దారులున్నాయి. కట్టడం, కోర్టుకెక్కడం, మర్చిపోవడం. ఊళ్లో పెద్దమనుషులంతా మూడోదాంట్లోనే ఉన్నారు."

"పదిహేను రోజుల్లో ఏదో ఒకటి తేల్చమని రాశారయ్యా" అన్నాడు మాస్టారు.

"రాస్తారు. రాయడం వాళ్ల ఉద్యోగం. చదవమని నీకెవరు చెప్పారు?"

భార్య కూరగాయల కత్తి పక్కన పెట్టింది. "కట్టేసి రండి. చెయ్యని తప్పు ఒప్పుకోవడం మీకేం కొత్తా? నిన్న పాలు పొంగింది మీవల్లేనని ఒప్పుకున్నారుగా."

"ఒప్పుకుంటే బడి పోతుందే."

"పోతే పోయింది, హాయిగా రోజంతా ఇంట్లోనే ఉంటారు." ఆ మాట తన చెవిన పడ్డాక ఆవిడ మళ్లీ కత్తి అందుకుంది. "వద్దులెండి. కోర్టుకే వెళ్లండి" అంది.

మాస్టారు సాక్ష్యం కోసం కూడలికి వెళ్లాడు. గొడుగు కింద కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు.

"పద్నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్నాను మాస్టారూ. ఎర్రదీపానికి ఆగింది మీరొక్కరే. బండి చెడిందేమో, పాపం, తోద్దామని కూడా వచ్చాను. గుర్తుందా?"

"నేను గీత దాటానా?"

"అసలు అక్కడ గీత ఉందని ఆరోజే తెలిసింది సార్. మీ కారు కింద కనపడింది."

"ఈ ముక్క కోర్టులో చెప్తావా?"

కానిస్టేబుల్ రోడ్డు వైపు చూశాడు. "కోర్టు అవతలి పక్కనుంది సార్. ఇది దాటాలి. పిల్లలు గలవాణ్ణి."

సాక్షి లేడు. కోర్టంటే భయం. పద్నాలుగో రోజున మాస్టారు మనసు మార్చుకుని, బడి పోయినా ప్రశాంతత మిగులుతుందని చెప్పుకుని, చలానా కట్టడానికి ఫోను తెరిచాడు. కిందికి జరుపుకుంటూ పోతే చివర పచ్చని మీట ఉంది. దానిమీద ఇలా ఉంది: "నేను చేసిన నేరమును మనస్ఫూర్తిగా, సంతోషముగా అంగీకరించుచున్నాను." నేరం వరకు ఆయన సర్దుకున్నాడు. మనస్ఫూర్తినీ మింగాడు. సంతోషం దగ్గర కాలు నేలను నొక్కేసింది.

కోర్టుకే వెళ్లాడు.

న్యాయం తొందరపడే సరుకు కాదు. మొదటి వాయిదాకు జడ్జిగారు సెలవు. రెండోదానికి ఫైలు సెలవు. మూడోనాడు అన్నీ ఉన్నాయి గాని ఫ్యాను తిరగలేదు. నాలుగోనాడు ఫోటోను నిపుణుడికి పంపారు. ఆయన మూడు నెలలు పరిశీలించి, ఫోటోలో కారు కదలడం లేదని ధ్రువీకరించాడు. అయిదోనాడు విచారణ మొదలైంది.

ప్రభుత్వ వకీలు గౌను సర్దుకుని లేచాడు. "అయ్యా! ఇది కేవలం సున్నంతో గీసిన గీత కాదు. ఇటు నాగరికత, అటు అరణ్యం. నేడు జానెడు దాటినవాడు రేపు మూరెడు దాటడా? ఎల్లుండి సరిహద్దులే దాటడా? పొద్దున నేనూ ఆ కూడలి మీదుగానే వచ్చాను. నా బండి ఆ గీతమీద ఒక్క క్షణం కూడా నిలబడలేదని గర్వంగా మనవి చేస్తున్నాను!"

వెనక బెంచీల్లో చప్పట్లు పడ్డాయి. మాస్టారి కుడికాలు బోను చెక్కను అదేపనిగా నొక్కుతోంది.

జడ్జిగారు తలెత్తకుండా అడిగాడు. "ఎందుకు ఆగారు?"

"ఎర్రదీపం పడిందండి."

జడ్జిగారు తలెత్తాడు. "అది సరే. అసలు కారణం చెప్పండి."

"అదేనండి."

"ఇంట్లో ఏమైనా సమస్యలా?"

"లేవండి."

"కళ్లు తిరిగాయా?"

"లేదండి. ఎర్రగా ఉంటే ఆగాలి కదండీ?"

జడ్జిగారు కలం మూసి, ఫోటోను మొహం దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. ఆయన మొహంలో జాలి కనిపించింది. అక్కడికక్కడే తీర్పు చెప్పాడు:

"ముద్దాయి బండికి ఎల్ బోర్డు కలదు. ముద్దాయి ఎర్రదీపమునకు ఆగినాడు. ఈ రెండు సాక్ష్యములను కలిపి చూడగా, ముద్దాయికి డ్రైవింగు ఇంకనూ రాదని నిస్సందేహముగా రుజువగుచున్నది. నేర్చుకొనువాని పొరపాటు నేరము కాజాలదు. కేసు కొట్టివేయడమైనది." తర్వాత మామూలు మాటల్లో, "నిరుత్సాహపడకండి. చెయ్యి తిరిగాక మీరూ ఆగరు" అన్నాడు.

మాస్టారు నోరు తెరిచాడు. అయ్యా, నేను నేర్చుకునేవాణ్ణి కాను, నేర్పేవాణ్ణి అనాలి. అంటే మినహాయింపు ఎగిరిపోతుంది, శిక్ష పడుతుంది, బడి పోతుంది. బోను పక్కనుంచి బావమరిది తొడపాశం పెట్టాడు. "బావా, గెలిచాం. నోరు ముయ్యి."

మాస్టారు నోరు మూశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో నాలుగొందల మందికి లైసెన్సు ఇప్పించినవాడు, తనకు డ్రైవింగు రాదన్న తీర్పుకు చేతులు జోడించి దిగొచ్చాడు.

పదిహేడో ప్రశ్నకు "లేదు" అని రాశాడు. ఆఫీసులో ఒక్క మాట అడక్కుండా ముద్ర వేశారు. బడి నిలిచింది.

హారన్ మాస్టారు మంచి పొరుగువాడు. తీర్పు నకలు తెప్పించి, అద్దం కట్టించి, తన బడి గుమ్మంలో వేలాడదీశాడు. దానికింద ఒక్క మాట చేర్చలేదు. చేర్చే అవసరం రాలేదు.

వారంలో బ్రేకు మాస్టారి పదకొండు మంది విద్యార్థుల్లో పదిమంది రావడం మానేశారు. పదకొండోవాడి తండ్రి మర్యాదస్థుడు, స్వయంగా వచ్చి చెప్పాడు. "మీమీద గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు మాస్టారూ. మావాడికి సత్ప్రవర్తన నేర్పించాలంటే నేరుగా మీ దగ్గరికే తెస్తాను. ఇప్పుడు వాడికి కావాల్సింది డ్రైవింగు."

కోర్టు సెలవుల్లో ఒక ఉదయం బడి ముందు పెద్ద కారు ఆగింది. జడ్జిగారు కూతుర్ని వెంటబెట్టుకుని దిగాడు. మాస్టారు గబగబా లేచి, కుర్చీ తుడిచి, రిజిస్టరు తెరిచాడు.

"అమ్మాయిని డ్రైవింగులో చేర్పించాలి" అంటూ లోపలికొచ్చిన జడ్జిగారు ఆయన్ని చూసి ఆగిపోయాడు. "అరె, మీరా! ఇంకా నేర్చుకుంటూనే ఉన్నారా? చూశావా అమ్మా, పట్టుదలంటే అదీ. మీ మాస్టారున్నారా?"

బ్రేకు మాస్టారు రిజిస్టరు మూశాడు.

"ఇక్కడ లేరండి. ఎదురుగా ఉన్నారు."

ఎదురు బడి ముందు పొడుగాటి వరుస ఉంది. జడ్జిగారు వరుసను పట్టించుకోకుండా కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా లోపలికి వెళ్లిపోయాడు. నిలబడ్డవాళ్లలో ఒక్కరూ ఇదేమిటని అడగలేదు. ఈ కథ చదువుతున్న మీరూ ఆ వరుసలోనే ఉన్నారు, మీరూ అడగలేదు. అడిగే తీరిక మీకెక్కడిది? తలుపు మూసుకునేలోగా ఆయన వెనకాలే దూరింది మీరే కదా.