ఏరు దాటని విమానం

మా గద్వాలకు అటు తుంగభద్ర, ఇటు కృష్ణ. కడుపుతో ఉన్న ఆడమనిషి ఏరు దాటకూడదన్నది మా పెద్దల శాసనం. ఈ రెండూ కలిపి చదివితే, కాన్పుకు రావలసిన మా ఆడపిల్లలు అసలు ఎటునుంచి రావాలన్న అనుమానం మీకు రావచ్చు. దయచేసి రానివ్వకండి. అందుకే మాకు తిరుపతయ్య గారు ఉన్నారు.

తిరుపతయ్య గారు చేనేత సంఘం మాజీ డైరెక్టరు. మగ్గం ముందు కూర్చోక చాలా ఏళ్లయింది గాని, అందరి నెత్తినా కూర్చుంటారు. ఆయన మేనకోడలు రమ్య భర్త నితిన్‌తో బెంగళూరులో ఉంటుంది. ఏడో నెల. ఆ పిల్లకు ఒకటే కోరిక: వాచిన కాళ్లు అమ్మ ఒళ్లో పెట్టుకుని కాసేపు పడుకోవాలని. రైలెక్కితే తిన్నగా గద్వాలలోనే దిగవచ్చు. కానీ రైలు కర్నూలు దగ్గర తుంగభద్ర దాటుతుంది కాబట్టి రైలు రద్దు. అదే నేరం మీద బస్సూ రద్దు.

సుదీర్ఘ ఆలోచన తర్వాత తిరుపతయ్య గారు విమానానికి అనుమతి మంజూరు చేశారు.

"బ్రిడ్జి ఎక్కి పోతే దాటినట్టు. మబ్బుల మీద పోతే దాటినట్టెట్లయితది? పిట్టలు పోతలేవా?" అన్నారు.

పిట్టలు గుడ్లు పెడతాయి కదా అని ఎవరూ అనలేదు. పెద్దలంటే మాకంత గౌరవం.

విమానం వాళ్లు పాపం అమాయకులు. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూశారు, మంచినీళ్లిచ్చారు, కాళ్లు అప్పుడప్పుడు ఆడిస్తుండమన్నారు. ఏరు సంగతి అడగనే లేదు! కిటికీలోంచి రమ్యకు రెండు ఏర్లూ, నడుమ తన ఊరూ కనిపించాయి. "జర ఆపుండ్రి, దిగుత" అనాలనిపించింది గాని విమానంలో కండక్టరు ఉండడు. గద్వాల వెనక్కి వెళ్లిపోయింది, విమానం శంషాబాద్‌లో దిగింది.

అక్కడ తిరుపతయ్య గారూ, రమ్య తల్లి జానకమ్మా కిరాయి కారుతో సిద్ధంగా ఉన్నారు. వచ్చిన దారినే కారు మళ్లీ గద్వాలకు బయల్దేరింది. కొత్తకోట దాకా తిరుపతయ్య గారు తన తీర్పును తానే మెచ్చుకుంటూ ఉపన్యసించారు. పెబ్బేరు దాటాక జానకమ్మ అలవాటు కొద్దీ ఏట్లో వేయడానికి కొంగుముడి విప్పి రూపాయి తీసింది. ఆయన రూపాయిని చూశారు. ఎదురుగా బ్రిడ్జిని చూశారు.

"ఆపు! కారాపు!"

"ఏమైందన్నా?"

"గిది కృష్ణ గదే!"

కృష్ణ చాలా కాలంగా అక్కడే ఉంది. పొద్దున ఆయన దాటి వచ్చిందీ దాన్నే. కాకపోతే తాను గర్భవతి కాకపోవడం వల్ల గమనించలేదు.

బ్రిడ్జి మొదట్లోనే అత్యవసర సమావేశం జరిగింది. పంచాంగం చూసే అయ్యగారికి ఫోన్ కలవలేదు. రమ్య వెంట విమానంలో వచ్చిన నితిన్ తిరుగు విమానం సంగతి ఎత్తాడు. గర్భిణుల సౌకర్యార్థం రెండు ఏర్ల నడుమ విమానాశ్రయం నిర్మించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అంతసేపూ రమ్య ఎండలో నిలబడింది.

"మామా, కాళ్లు గుంజుతున్నయ్. నాకు అమ్మింటికి పోవాలె, అంతే," అని ఏడ్చేసింది.

"జర ఓపిక పట్టు బిడ్డా. అంతా నీ మంచికే."

అప్పుడే నాట్లు వేసి ఇళ్లకు పోతున్న కూలీల ఆటో వచ్చి ఆగింది. ఎంతమంది ఉన్నారో ఆటోకే తెలియదు. అంచున ఒక కాలు బయటికి వేలాడేసి బాలమణి కూర్చుంది. పిక్కల దాకా బురద. నెలలు నిండిన కడుపు.

"ఏమైందక్కా, ఎందుకేడుస్తున్నవ్?"

రమ్య చెప్పింది. బాలమణి వింతగా చూసింది.

"ఏరా? నేను దినాం పోత, దినాం వస్త. నాకెవ్వరు చెప్పలే!"

తిరుపతయ్య గారు దయగా నవ్వారు. "నీ ముచ్చట వేరేనే. కూలికి పోయెటోళ్లకు ఏరు పట్టింపుండది."

ఆ మాట తన నోటి నుంచే రావడం చూసి ఆయన పులకించిపోయారు. పరిష్కారం దొరికింది! బాలమణి తువాల రమ్య నెత్తికి చుట్టించి, బ్రిడ్జి పొడవునా ఆమెను కూలీగా నియమించారు.

"రా అక్కా, కూసో. నేను నిలబడ్త," అని బాలమణి లేచింది. వెనక కమ్మీ పట్టుకుని, ఒక కాలు బయటికి పెట్టి వేలాడింది. ఆటో కదిలింది. దాని వెనకే చల్లని కారు, రమ్య సీటు ఖాళీగా, శాస్త్రోక్తంగా ఏరు దాటింది.

రాత్రి అమ్మ ఒళ్లో కాళ్లు పెట్టుకుని రమ్య అడిగింది, "అమ్మా, నాకు జాగిచ్చినామెను మన కార్ల కూసోబెడితే అయిపోతుండె గదనే?"

జానకమ్మ కాళ్లు ఒత్తుతూనే ఉంది.

రమ్యకు పండంటి పాప పుట్టింది. తిరుపతయ్య గారికి శాలువా కప్పారు. మా ఊరి గర్భిణులంతా ఇప్పుడు బ్రిడ్జి మీద కూలీలే. నోరు నొప్పెట్టేలా నవ్వారా? సంతోషం. ఆ సాయంత్రం బ్రిడ్జి మీద బాలమణి కాలు దారికి అడ్డమొస్తోందని తిరుపతయ్య గారి కారు వెనక నుంచి ఒకటే హారన్ కొట్టిన కారు, అది మీదే కదూ?