నోవైలో రాహుకాలం

అమెరికా విశ్వవిద్యాలయంలో మన పంచాంగం పాఠ్యాంశం కాబోతోందని, వెయ్యేళ్ల కల ఫలించిందని తెలుగు సంఘం అధ్యక్షులు శ్యామ్‌సుందర్ గారు 2010 దీపావళి భోజనాల్లో ప్రకటించారు. వెయ్యేళ్ల కిందట తామున్న నోవై ఊరే లేదని ఎవరూ అడ్డుచెప్పలేదు. పులిహోర చల్లారిపోతోంది మరి.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది శ్రీవల్లి. ఎమ్మెస్ చదువుతున్న ఆ పిల్లకి ఈ కోర్సులో టీచింగ్ అసిస్టెంట్ పని ఇస్తామన్నారు. ఆ పనుంటే ఫీజు మాఫీ. లేకపోతే చదువు లేదు, చదువు లేకపోతే వీసా లేదు. అందుకే "సంప్రదాయ కాలగణన" సిలబస్ మొత్తం తనే రాసింది. శ్యామ్‌సుందర్ గారు పెద్ద మనసుతో దానిమీద తమ పేరు వేసుకున్నారు.

పదిమంది చేరితే క్లాసు నడుస్తుంది. సంఘంలో కాలేజీ పిల్లలకి కొదవలేదు. అంతా కుదిరాక యూనివర్సిటీవాళ్లు టైమిచ్చారు: జనవరి నుంచి, ప్రతి శుక్రవారం పదిన్నరకి.

శ్యామ్‌సుందర్ గారు ఫ్రిజ్ మీది గుడి క్యాలెండర్ చూసి కుర్చీలో కూలబడ్డారు.

"నిఖార్సయిన రాహుకాలం అమ్మా" అన్నారు శ్రీవల్లితో.

"అది ఆరింటికి సూర్యోదయమైతే అంకుల్. జనవరిలో ఇక్కడ సూర్యుడే ఎనిమిదికి లేస్తాడు. రాహుకాలం పదకొండున్నరకి గానీ రాదు. మన సిలబస్‌లో మూడో పాఠం అదే."

"సిలబస్ పిల్లలకమ్మా. మనం క్యాలెండర్ ఫాలో అవుతాం."

"నా వీసా ఇంటర్వ్యూ రాహుకాలంలోనే అయింది అంకుల్. వీసా వచ్చింది కదా."

"కాన్సులేట్ వాళ్లని రాహువు పట్టించుకోడు."

ఆయన వెళ్లి డీన్‌ని కలిశారు. సంప్రదాయాలంటే ఎంతో గౌరవమున్న డీన్, రాహు గారికి ఆ టైములో వేరే క్లాసుందా అని అడిగారు. సోమవారం ఏడున్నర ఇస్తామన్నారు. అదీ రాహుకాలమే. మంగళవారం మూడు గంటలు. అదీ అంతే. మా సీనియర్ ప్రొఫెసర్లు కూడా ఇంత బిజీ కాదని డీన్ మెచ్చుకున్నారు. చివరికి శుక్రవారమే ఖాయమైంది.

తల్లిదండ్రులంతా పిల్లల పేర్లు వెనక్కి తీయించారు. మొదట తీయించింది శ్యామ్‌సుందర్ గారే.

"డాడ్, జాయిన్ అవ్వమంది నువ్వే కదా?" అన్నాడు కొడుకు దేవ్.

"అవ్వమన్నాను. ఆ టైముకి అవ్వమన్లేదు."

మిగిలింది ముగ్గురు. రాహువెవరో తెలియని అమెరికన్ పిల్లలు. కోర్సు రద్దయింది. శ్రీవల్లి లైబ్రరీ బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చింది, ఇంటికి టికెట్ బుక్ చేసుకుంది. ఆ సంగతి విని శ్యామ్‌సుందర్ గారు నిజంగానే బాధపడ్డారు.

"రాహుకాలంలో వీసా తీసుకుంటే ఇంతేనమ్మా" అన్నారు.

సంప్రదాయ విజ్ఞానాన్ని పాఠ్యప్రణాళికలో చేర్చినందుకు విశ్వవిద్యాలయం ఆయనకి సన్మానం తలపెట్టింది. యూనివర్సిటీ ప్రెసిడెంట్‌కి ఖాళీ దొరికింది జనవరి మొదటి శుక్రవారం పదిన్నరకే. కోర్సు రద్దయింది కాబట్టి దానికిచ్చిన గది కూడా ఖాళీగానే ఉంది. సంఘమంతా పిల్లల్ని తీసుకుని పట్టుచీరల్లో వచ్చింది. కుర్చీలు చాలక కొందరు గోడవార నిలబడ్డారు. మర్నాడు ఫ్లైటెక్కాల్సిన శ్రీవల్లిని మైకు చూసుకోమన్నారు.

శాలువా సర్దుకుంటున్న ఆయన దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగింది.

"అంకుల్, ఇప్పుడు రాహుకాలం కదా?"

శ్యామ్‌సుందర్ గారు ఆమెని జాలిగా చూశారు.

"జనవరిలో ఇక్కడ సూర్యుడు లేచేదే ఎనిమిదికి. మూడో పాఠం చదవలేదామ్మా?"