కొట్టినవాడే పథ్యం వండవలెను

ఆటగాళ్ల తలల మీద గ్రేట్ లేక్స్ ఫుట్‌బాల్ లీగ్‌కు ఉన్నంత శ్రద్ధ ఆ తలలు మోస్తున్నవారికి కూడా లేదని మొదటే మనవి చేసుకోవాలి. ఈ ఏడాది ఎవరి తలకూ దెబ్బ తగలరాదని లీగ్ పెద్దలు ప్రతి సీజన్‌కు ముందు ఒక తీర్మానం చేస్తారు. దానిని అందంగా అచ్చు వేయించి, పటం కట్టించి, ప్రతి స్టేడియంలోనూ అంబులెన్స్ నిలబెట్టే చోట గోడకు తగిలిస్తారు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తేవాడు ఒకడు, వాడిని నేల కరిపించడానికి ఎదురొచ్చేవాళ్లు పదకొండు మంది. ఒహాయో రాష్ట్రంలోని టోలీడో జట్టులో ఈ నేల కరిపించే శాఖకు పెద్ద డెమెట్రీ బాస్కిన్. అలబామాలో పుట్టిన మనిషి. పెద్దవాళ్లు ఎదురైతే అమ్మగారూ అయ్యగారూ అనకుండా నోరు తెరవడు. ఆదివారం చర్చికి వెళ్లి, అక్కడి నుంచి నేరుగా మైదానానికి వచ్చి, కనిపించినవాడినల్లా దంచి పెడతాడు. అందుకని ఊరంతా అతన్ని ముద్దుగా రోకలి అని పిలుచుకుంటుంది. సీజన్ ముగిశాక అతని ఒప్పందం తిరగరాయాలి. దంచుడు బాగుంటే ఇంకో నాలుగేళ్లు ఆట, లేకపోతే ఇంటికి. అతనికి ఇంకో పని రాదు, ఆ సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు.

అక్టోబరులో డులూత్ జట్టు టోలీడోకు వచ్చింది. ఆ జట్టులో ట్రెవర్ హాల్విక్ అనే కుర్రాడు బంతి కోసం గాలిలోకి ఎగిరాడు. చేతులు రెండూ పైన, కళ్లు బంతి మీద, తల ఎటువైపైనా సరే మీ ఇష్టమన్నట్టు ఉంది. అలాంటి స్థితిలో ఉన్నవాడి తల మీద కొట్టరాదని నిబంధన. బాస్కిన్ కొట్టాడు. ట్రెవర్ ఒక వైపు పడ్డాడు, బంతి ఇంకో వైపు పడింది. స్టేడియమంతా లేచి ఈలలు వేసింది. పడినవాడు కదలడం లేదని తెలిశాక అదే స్టేడియం టోపీలు తీసి, తలలు వంచి ప్రార్థన చేసింది. ప్రార్థన చేస్తూనే పెద్ద తెర మీద మళ్లీ చూపిస్తున్నారేమోనని ఓరకంట చూసింది. చూపించారు. టీవీ వ్యాఖ్యాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది కళ్లతో చూడదగ్గ దృశ్యం కాదండి. ఇప్పుడు ఎడమ వైపు నుంచి చూద్దాం" అన్నాడు. ఆ నిదానంగా తిప్పి చూపిన దృశ్యాన్ని సమర్పించినవారు ఇళ్ల పైకప్పులు వేసే ఒక కంపెనీవారు.

ఇటువంటి నేరాలకు లీగ్ ఇదివరకు జరిమానా వేసేది. ఆ సొమ్మును ఎంతో ఔదార్యంతో మెదడు జబ్బుల ఆసుపత్రికి పంపేది. బాస్కిన్ దెబ్బల పుణ్యమా అని ఆ ఆసుపత్రిలో ఒక వరండా కట్టి దానికి అతని పేరే పెట్టారు. పోయిన ఏడాది ఆటగాళ్లు కాస్త మర్యాదగా ఆడేసరికి ఆసుపత్రివారికి దిగులు పట్టుకుంది. ఇలా అయితే కొత్త యంత్రం కొనేదెలాగని వారు లీగ్‌కు సున్నితంగా గుర్తు చేశారు.

ఈసారి మాత్రం కొత్త శిక్ష కావాలని దేశమంతా అడిగింది. విచారణ సంఘానికి అధ్యక్షుడు ఆల్విన్ స్టౌటెన్, మాజీ న్యాయమూర్తి. టోలీడో జట్టు యజమాని బర్ట్ క్రాంగెల్ ముందుగా లేచి, రోట్లో తల పెట్టినవాడు రోకలి పోటుకు వెరిస్తే ఎలాగని అడిగాడు. ఈ వాదనలోని లోతుకు సభ్యులు చలించిపోయారు. బాస్కిన్ లేచి "తప్పు నాదేనండి" అనబోతుండగా అతని వకీలు మైకు మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు స్టౌటెన్ తీర్పు చదివాడు.

"జరిమానా వేస్తే ఆటగాడి జేబుకు మాత్రమే నొప్పి. ఆటకు దూరం చేస్తే జట్టుకు నొప్పి, ప్రేక్షకులకు నొప్పి, ప్రకటనలిచ్చే కంపెనీలకు నొప్పి. ఇంతమంది అమాయకులను నొప్పించే హక్కు మనకు ఎవరిచ్చారు? కనుక కొట్టినవాడు దెబ్బ తిన్నవాడి ఇంటికి వెళ్లి, అతడు కోలుకునేదాకా పరిచర్య చేయవలెను, పథ్యం వండవలెను. ఆదివారం నాడు మాత్రం విమానంలో వెళ్లి, యథాప్రకారం ఆడి రావచ్చును."

వారంలో ఆరు రోజులు పశ్చాత్తాపం, ఏడో రోజు దంచుడు. ఇంత సమతూకమైన శిక్ష ప్రపంచంలో ఇంకెక్కడా లేదని పత్రికలు రాశాయి.

మంచు మొదలైన రోజుల్లో బాస్కిన్ డులూత్ చేరాడు. ట్రెవర్ తల్లి ఇర్మా తలుపు తీసింది. వెనక గోడ మీద డులూత్ జట్టు జెండా, దాని కింద ఏసుక్రీస్తు పటం ఉన్నాయి. జెండాయే కాస్త పెద్దది.

"నువ్వేనా?"

"అవునండి అమ్మగారూ."

"టీవీలో ఇంకా పొడుగ్గా కనిపించావు. పార అదిగో. లోపలికి రాకముందే ఆ మెట్ల మీద మంచు తీసెయ్. బూట్లు బయటే విప్పు."

ట్రెవర్ చీకటి గదిలో ఉన్నాడు. వెలుతురు చూస్తే తల పగిలిపోతోందని కిటికీలకు దుప్పట్లు కట్టారు. మొదటి రోజు పొద్దున్నే బాస్కిన్ కాఫీ పట్టుకుని వెళ్లాడు.

"ఎవరన్నా నువ్వు?" అన్నాడు ట్రెవర్.

"బాస్కిన్. టోలీడో జట్టు. నిన్ను కొట్టింది నేనే."

ట్రెవర్ కప్పు అందుకున్నాడు. "పర్లేదులే అన్నా, ఆటన్నాక తగుల్తుంది. బంతి మాత్రం నేను వదల్లేదు కదా?"

"వదల్లేదు."

మర్నాడు పొద్దున్న కాఫీ తీసుకువెళితే ట్రెవర్ మళ్లీ అదే మొహంతో చూశాడు. "ఎవరన్నా నువ్వు?" మళ్లీ అదే జవాబు, మళ్లీ అదే మన్నింపు, బంతి గురించి మళ్లీ అదే బెంగ. ఆ పైరోజూ అంతే. రాత్రి తలకెక్కించుకున్నది తెల్లవారేసరికి ట్రెవర్ తలలో నిలవడం లేదు. ఒక రోజు బాస్కిన్‌కు ధైర్యం చాలక, నీళ్ల పైపు బాగు చేయడానికి వచ్చానని చెప్పాడు. ట్రెవర్ సంతోషించి, వంటింట్లో కుళాయి కూడా చూడమన్నాడు.

ఇర్మా వంటింట్లోంచి అంతా విన్నది. బాస్కిన్ బయటకు రాగానే గరిటె అడ్డం పెట్టి నిలబడింది.

"వాడికైతే తల పనిచెయ్యట్లేదు. నీకు నోరు బానే ఉందిగా. నువ్వెవరో రోజూ చెప్పాలి. తెలిసిందా?"

"తెలిసిందండి."

లీగ్‌వారి శిక్షల పట్టికలో ఈ అంశం లేదు. రోజూ పొద్దున్నే కొత్తగా నేరం ఒప్పుకుని, రోజూ కొత్తగా క్షమించాననిపించుకోవడం కన్నా నాలుగు తన్నులు తినడం నయమనిపించింది బాస్కిన్‌కు. ఆ గదిలోకి అడుగు పెట్టేముందు, కాఫీ చల్లారిందని సాకు చెప్పి మళ్లీ కాచేవాడు. తాను ఇన్నేళ్లుగా దంచినవాళ్లు ఎందరో, వాళ్లు ఏయే చీకటి గదుల్లో ఎవరిని ఎవరని అడుగుతున్నారో, ఆ ఆలోచన వస్తే అతనికి అన్నం సహించేది కాదు.

మిగిలిన పని తేలికే. ఇర్మా అతనికి హాట్‌డిష్ చేయడం నేర్పింది. అడుగున మాంసం, మధ్యలో బీన్స్, పైన బంగాళాదుంప ఉండలు పేర్చి ఓవెన్‌లో పెట్టే వంట అది. మొదటిసారి అతను చేసినదాన్ని ఇర్మా చెంచాతో పొడిచి చూసి, "దీన్ని కూడా నెత్తి మీద కొట్టావా?" అని అడిగింది. నాలుగో వారానికి ఇరుగుపొరుగు అడిగి పెట్టించుకుని తినేంత బాగా కుదిరింది.

ఈలోగా లీగ్‌వారు కెమెరాలు పంపారు. రోకలి నడుముకు పూలపూల గుడ్డ కట్టుకుని ఉల్లిపాయలు తరిగే దృశ్యాన్ని దేశమంతా కన్నీళ్లతో చూసింది. తలనొప్పి మాత్రల కంపెనీవారు సమర్పించారు. మ్యాచ్‌ల కన్నా దీన్నే ఎక్కువమంది చూస్తున్నారని తేలాక, లీగ్‌వారికి ఒక చిక్కు వచ్చింది. ట్రెవర్ త్వరగా కోలుకుంటే కార్యక్రమం ఆగిపోతుంది. తొందరపడవద్దని డాక్టర్లకు సలహా వెళ్లింది.

పథకం మిగతా ఊళ్లకు కూడా పాకింది. ఇంటి చూరున వాననీళ్లు పోయే కాలువల్లో ఆకులు నిండితే ఆటగాళ్ల భార్యలు మొగుళ్లను మందలించసాగారు. "ఎలాగూ ఎవడో ఒకడు కొడతాడు కదా, ఆ కొట్టించుకునేదేదో నిచ్చెన ఎక్కడం వచ్చినవాడితో కొట్టించుకోండి" అన్నది ఒక ఇల్లాలు. నేల కరిపించే శాఖలో వడ్రంగం తెలిసిన ఒకడికి ఎదురుగా నలుగురు పోటీపడి తలలు దించుకుని పరిగెత్తారు. నెల తిరిగేసరికి ప్రమాదకరమైన దెబ్బలు రెట్టింపయ్యాయి. ఆటగాళ్లలో పరస్పర సేవాభావం రెట్టింపయిందని స్టౌటెన్ ప్రకటించాడు. ఆ మాటలోనూ అబద్ధం లేదు.

ఒక పొద్దున్న బాస్కిన్ కాఫీ తీసుకెళ్లి నోరు తెరవబోతుండగా ట్రెవర్ అన్నాడు: "బాస్కిన్, ఇవాళ కూడా చక్కెర మర్చిపోయావ్."

బాస్కిన్ కప్పు అక్కడ పెట్టి, స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కెమెరావాళ్లు అప్పుడే టిఫిన్‌కు వెళ్లారు. తిరిగొచ్చి సంగతి విని, ఇంకొక్కసారి మర్చిపోయి మళ్లీ గుర్తు తెచ్చుకుంటే బాగుంటుందని ట్రెవర్‌ను మర్యాదగా అడిగారు.

పశ్చాత్తాపం మైదానంలోకి పాకకూడదనే ఆదివారం మినహాయింపు పెట్టారు. అయినా పాకింది. బాస్కిన్ దెబ్బలు వారం వారం మెత్తబడ్డాయి. ఒప్పందం మాట ఎత్తితే క్రాంగెల్ కిటికీలోంచి బయటకు చూడసాగాడు. చివరి మ్యాచ్ చూసి నిర్ణయిస్తానన్నాడు.

చివరి మ్యాచ్ పెయోరియాతో. టోలీడో గెలిస్తే పై రౌండుకు వెళుతుంది. పంచాంగం కన్నా కష్టమైన ఏదో లెక్క ప్రకారం, టోలీడో గెలిస్తే డులూత్ కూడా వెళుతుంది. కోలుకున్న ట్రెవర్ ఆ రౌండులో ఆడవచ్చని డాక్టర్లు ముందే రాసిచ్చారు. ఆట ఆఖరి నిమిషంలో టోలీడో ఆధిక్యంలో ఉంది. పెయోరియా కుర్రాడు లూకస్ ఎంబ్రీ, బంతితో దాటితే పాయింట్లు వచ్చే గీత దగ్గర, బంతి కోసం గాలిలోకి ఎగిరాడు. చేతులు పైన, కళ్లు బంతి మీద. బాస్కిన్ పూర్తి వేగంతో వచ్చాడు. కొడితే బంతి జారుతుంది, మ్యాచ్ గెలుస్తారు, నాలుగేళ్ల ఒప్పందం చేతికొస్తుంది. కుర్రాడి తల అతనికి చాలా దగ్గరగా కనిపించింది.

బాస్కిన్ ఆగాడు. వాడి కాళ్లు నేలకు ఆనేదాకా ఆగి, అప్పుడు నడుము పట్టుకున్నాడు. అప్పటికే వాడు గీత దాటేశాడు. టోలీడో ఓడింది.

ఎవరూ టోపీలు తీయలేదు, ఎవరూ ప్రార్థన చేయలేదు. టీవీవారు దాన్ని రెండోసారి చూపించలేదు. చూపించడానికి అందులో ఏముంది? ఎంబ్రీ కూడా చాలా నొచ్చుకున్నాడు. తాను కష్టపడి పట్టిన బంతిని జనం బిచ్చం కింద జమ కడుతున్నారని అతని ప్రతినిధి లీగ్‌కు ఫిర్యాదు చేశాడు.

ట్రెవర్ దెబ్బ మీద విచారణకు పదిహేను రోజులు తీసుకున్న సంఘం ఈసారి మర్నాడే కూర్చుంది. ఎందుకు ఆగావని అడిగారు. వకీలు చెయ్యి అడ్డం పెట్టేలోపే బాస్కిన్ చెప్పేశాడు.

"మళ్లీ రోజూ పొద్దున్నే ఎవరికో నేనెవరో చెప్పుకోవడం నా వల్ల కాదండి."

ఈయన తలకు ఎక్కడైనా దెబ్బ తగిలిందేమో తక్షణం పరీక్షించాలని సంఘం ఆదేశించింది. లీగ్ చరిత్రలో ఒక ఆటగాడిని ఇంత త్వరగా తల పరీక్షకు పంపడం ఇదే మొదలు. తలలో లోపమేమీ లేదని తేలడంతో నేరం మరింత తీవ్రమైంది. స్టౌటెన్ తీర్పు చదివాడు.

"కొట్టడం పొరపాటు. పొరపాటు చేసినవాడిని దిద్దుకోవచ్చు, అందుకు మన దగ్గర పథకం ఉంది. కొట్టకపోవడం మాత్రం తెలిసి చేసిన పని. క్రీడాస్ఫూర్తికి ఇంతకన్నా ద్రోహం లేదు. జీవితాంతం ఆట నుంచి బహిష్కరించడమైనది."

టోలీడోలో రోకలి పేరున్న చొక్కాలు తగలబెట్టారు. బుధవారం ప్రార్థనకు వెళితే చర్చిలో అతని బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు. తనను అర్థం చేసుకునే ఇల్లు దేశంలో ఒక్కటి ఉందనుకుని బాస్కిన్ కారులో డులూత్ బయలుదేరాడు.

ఇర్మా తలుపు తీసింది. మెట్ల మీద మంచు ఉంటే అతను అడగకుండానే పార తీసుకుని ఊడ్చి, బూట్లు విప్పి లోపలికి వెళ్లాడు. ఆమె పళ్లెంలో హాట్‌డిష్ పెట్టింది. ఎదురుగా కూర్చుంది.

"ట్రెవర్ ఎలా ఉన్నాడండి?"

"పడుకున్నాడు. మీరు ఓడిన కాడ్నించి సరిగ్గా తిండి లేదు వాడికి. వచ్చే ఆదివారం ఆడాల్సినవాడు."

బాస్కిన్ చెంచా కింద పెట్టాడు. "ఆ కుర్రాడు గాల్లో ఉన్నాడండి అమ్మగారూ. అచ్చం మన ట్రెవర్‌లాగే."

"చూశాన్లే. నేనూ టీవీ ముందే ఉన్నా."

"వాడికీ ఒక తల్లి ఉంటుంది కదండీ."

"ఉంటుంది. ఎందుకుండదు?" ఇర్మా లేచి, చల్లారిన అతని పళ్లెం తీసి, ఇంకొంచెం వేడిది వడ్డించి ముందు పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు, బుద్ధి తక్కువ కొడుకుకు చెబుతున్నట్టే చెప్పింది. "కొట్టేసి, వాళ్లింటికి పోయి ఇంత వండి పెట్టాల్సింది. ఇన్నాళ్లూ నీకు వంట నేర్పింది మరెందుకు నాయనా?"