ముప్పై ఒక్క డిగ్రీలు

1969 ఏప్రిల్‌లో ఒక మంగళవారం ఉదయం, విజయనగరంలో ఫిజిక్సు లెక్చరరు నరసింగరావు కాఫీ తాగుతూ, మధ్యాహ్నం లోపల ఆవిరి యంత్రాలకు కాలం చెల్లిపోయేలా చేసేద్దామని నిర్ణయించుకున్నాడు. సాయంత్రం దాకా ఆగడానికి వీల్లేదు. పదకొండు గంటలకు కాలేజీ ఇన్‌స్పెక్షనుకు గణపతిరావుగారు వస్తున్నారు. నాలుగేళ్లుగా టెంపరరీగా వేలాడుతున్న నరసింగరావు ఉద్యోగం పర్మనెంటు కావాలన్నా, ఊడాలన్నా ఆయన రాసే రెండు ముక్కల మీదే ఉంది.

పై దేశాల పత్రికలో ఒక వ్యాసం చదివినప్పటి నుంచి అతని కాళ్లు నేల మీద ఆనడం లేదు. బొగ్గుపులుసు వాయువును, అదే సోడాలో నింపే గ్యాసును, గట్టిగా నొక్కి ముప్పై ఒక్క డిగ్రీలు దాటిస్తే, అది ద్రవమూ కాదు, వాయువూ కాదు. వేడిని గబగబా పట్టేసుకుని టర్బైన్లు తిప్పుతుందట. తరవాత మళ్లీ చల్లార్చి, మళ్లీ నొక్కి, మళ్లీ కాచాలి. చల్లార్చడం గురించి నాలుగు పేజీలున్నాయి. అవి విసుగ్గా ఉన్నాయని నరసింగరావు తిప్పేశాడు.

ఊళ్లో ఆ గ్యాసు దొరికేది గంటస్తంభం దగ్గర నూకయ్య గోలీసోడా కొట్లో. రోజూ సోడా తాగే మేస్టారు నోరు తెరిచి అడిగితే కాదనలేక నూకయ్య సిలిండరిచ్చాడు. దాని ఒంటికి తడి గోనె చుట్టి ఉంది.

"గోనె ఆరనీకండి బాబూ. గంటకో సెంబు నీళ్లు పొయ్యండి. ఎండకి దీనికి పొగరొస్తాది," అన్నాడు.

నరసింగరావు జాలిగా నవ్వాడు. చదువుకోనివాళ్ల మీద అతనికి ఎప్పుడూ జాలే. కాలేజీకి చేరగానే చేసిన మొదటి పని గోనె విప్పి మూలన పారెయ్యడం. రేపటి యుగపు ఇంజను మురికి గోనె కట్టుకుని పెద్దల ముందు నిలబడితే ఏం మర్యాద? రెండో పని, ప్యూను అప్పలసూరి చేత సిలిండరును వరండా ముందు ఎండలో నిలబెట్టించడం. దొరలు కొలుములు పెట్టి చేసే పని ఇక్కడ సూర్యుడే ఉచితంగా చేసిపెడతాడని తన తెలివికి తానే మురిసిపోయాడు. సిలిండరు మూతికి రాగిగొట్టం, దాని ఎదురుగా రేకు డబ్బా కత్తిరించి చేసిన చక్రం బిగించి, తలదువ్వుకోడానికి లోపలికి వెళ్లాడు.

పది దాటేసరికి సిలిండరు మూతి సందులోంచి బుస్సుమనడం మొదలుపెట్టింది. అప్పలసూరి వెనకా ముందూ చూడకుండా వెళ్లి, గోడవార నాగుపాముందని ప్రిన్సిపాలుగారికి చెప్పాడు. ఆయన క్లాసు వదిలేశారు. ఆ క్లాసు మిగతా క్లాసులకు చెప్పింది. పదిన్నరకు వరండాలో రెండొందలమంది ఉన్నారు, అందులో పామును కళ్లారా చూసినవాళ్లే ముప్పైమంది. పన్నెండడుగులుంటుందని కెమిస్ట్రీవాళ్లు, కాదు రెండున్నాయని తెలుగు పండితులు వాదించుకుంటున్నారు. గణపతిరావుగారు జట్కా దిగేసరికి, స్వాగతం చెప్పడానికి ప్రిన్సిపాలుగారు దుడ్డుకర్రతో ఎదురెళ్లారు.

"పాము కాదండీ, ఇంజను," అంటూ నరసింగరావు జనాన్ని తోసుకుని వచ్చాడు. ఇంకా ఆలస్యమైతే పరువూ ఉద్యోగమూ ఒకేసారి పోతాయని భయపడి వాల్వు తిప్పేశాడు.

ఇంజను పనిచేసింది. అందులో అనుమానం లేదు. చక్రం నాలుగు చుట్లు తిరిగి, ఇరుసు వదిలేసి, గణపతిరావుగారి టోపీని వెంటబెట్టుకుని స్టాఫురూము కప్పు మీదికి వెళ్లింది. గొట్టంలోంచి రివ్వున వచ్చిన తెల్లటి మంచు ఆయన కళ్లద్దాల మీదా, మీసాల మీదా పేరుకుంది. పాముకు భయపడనివాళ్లు కూడా అది చూసి పరుగెత్తారు. వాల్వు చలికి బిగుసుకుపోయి నరసింగరావు చేతికి లొంగలేదు.

గోనె తడుపుతున్నారో లేదో చూసి పోదామని వచ్చిన నూకయ్య అప్పుడే గేటు దాటాడు. భుజం మీది తువ్వాలు వాల్వుకు చుట్టి, గట్టిగా తిప్పి మూసేశాడు. సిలిండరును నీడకు దొర్లించి, మూలనున్న గోనె వెతికి కట్టి, బాల్చీడు నీళ్లు కుమ్మరించాడు.

"బట్టలిప్పి ఎండలో నిలబెట్టినారేటి బాబూ? సెప్పినాను గదా."

గణపతిరావుగారికి కోపం రాలేదు. నరసింగరావుకు అందుకే మరీ భయమేసింది. ఆ గోనె ఎందుకని ఆయన నూకయ్యను అడిగారు.

"ఎండలో ఉడికితే లోపలిది నీరుగా ఉండదు బాబూ, గింజుకుంటాది. గోనె తడి ఆరతుంటే దీని ఒళ్లు సల్లబడతాది. సల్లబడితే సెప్పిన మాట ఇంటాది."

ఆయన థర్మామీటరు తెప్పించి, పావుగంట పోయాక గోనె కింద పెట్టి చూశారు. ఇరవై ఏడు. వరండా నీడలో ముప్పై ఆరు.

"ఆ వ్యాసం నేనూ చదివాను," అన్నారు నరసింగరావుతో. "కాచడం ఎవడైనా కాస్తాడయ్యా. మన ఎండల్లో దాన్ని ముప్పై ఒకటి కిందికి దింపడమే కష్టం. నాలుగు పేజీలు రాశాడు, చదవలేదా?"

చదివానని చెప్పే ధైర్యమూ, చదవలేదని చెప్పే ధైర్యమూ లేక నరసింగరావు కప్పు మీది టోపీ దింపడానికి నిచ్చెన కోసం వెళ్లాడు.

వారం తిరక్కుండా రిపోర్టు వచ్చింది. లేబొరేటరీలో ఒక పర్మనెంటు అటెండరు ఉద్యోగం నూకయ్యకు ఇవ్వవచ్చును. నరసింగరావు ఇంకో ఏడాది టెంపరరీగా ఉండి, అతని దగ్గర చల్లార్చడం నేర్చుకోవలెను. నూకయ్య ఆ కాగితం చదివించుకుని, "నాకెందుకు బాబూ, నా కొట్టు పర్మనెంటే గదా," అని తిరిగి ఇచ్చేశాడు.

ఇప్పుడు నరసింగరావు రోజూ పొద్దున్నే సోడాకొట్లో గోనె తడుపుతున్నాడు. ఆ పనీ టెంపరరీయేనని నూకయ్య ముందే చెప్పాడు.